పాతబండి ఊపిరి
(కార్బురేటరు గాలిమార్గమునకు కాలోచితములైన భాగముల నెన్నుకొనుటను గూర్చి)

బండి పెట్రోలు త్రాగునని పసిపిల్లలు సైత మెఱుగుదురు. అది పెట్రోలుకంటె నెన్నోరెట్లు గాలిని పీల్చునను సంగతి పెద్దలలో గూడ ననేకులు తలపరు. ఒక కిలో పెట్రోలు చక్కగ మండుటకు సుమారు 15 కిలోల గాలి కావలెను. లీటరు పెట్రోలు ముప్పాతిక కిలో తూగును గనుక దానికి 11 కిలోల గాలి యవసరము. ఆరున్నర అడుగుల పొడవును, అంతే వెడల్పును, ఏడున్నర అడుగుల యెత్తును గల చిన్నగదిలో నెంత గాలి పట్టునో యంతయు నన్నమాట. లీటర్లలో చెప్పినచో సుమారు తొమ్మిదివేలు. పాత జీపు పది కిలోమీటర్లు పోవునప్పటికి ఒక గదిలోని గాలినంతయు మ్రింగి వెలిగ్రక్కును.

ఆ గాలి యెట్టిది? మన రోడ్లమీది గాలి. మార్గశిర పుష్యమాసములలో తెనాలి, రేపల్లె, బాపట్ల ప్రాంతములందు వరికోతలు ముగిసి, ట్రాక్టర్లు పొలములలోని నల్లమట్టిని చక్రములతో రోడ్డు కెక్కించును. అది యెండి, నలిగి, ముందు పోవు బస్సు వెనుక పొగమంచువలె లేచును. అందలి యిసుకరేణువులు ఇనుముకంటె గట్టివి. సిలిండరు గోడకును పిస్టను రింగులకును నడుమ నవి చేరినచో నాకురాయి పెట్టినట్లు రెంటిని నఱగదీయును. కావున కార్బురేటరునకు ముందున్న గాలితొట్టి, అనగా షెడ్లలో ఎయిర్ క్లీనరని పిలుచునది, బండికి అలంకారము కాదు, ముక్కు.

ఈ విషయమును గూర్చి మేము వ్రాయుటకు కారణము మా పొరపాటే. దానిని దాచుట భావ్యము కాదు.

మా విద్యార్థి యొకని తండ్రిగారికి రేపల్లెలో ఒక జీపు కలదు. అది ఆయన తండ్రిగారిది. ఆ పెద్దాయన వైద్యులు; కృష్ణయొడ్డు గ్రామములకు రాత్రియనక పగలనక ఆ జీపుమీదనే పోయెడివారు. ఆయన గతించిన పిదప బండి చాలయేండ్లు పాకలో నిలిచిపోయెను. దానిని మరల నడిపింపవలెనని కుమారునకు కోరిక పుట్టెను. షెడ్డువారు కార్బురేటరు కడిగి, తీగెలు మార్చి, బండిని కదలించిరి. కాని అసలు గాలితొట్టి కనబడలేదు. దానికి బదులు తళతళలాడు మూతయు, చుట్టు జల్లెడయు, లోపల స్పంజియు గల యొక చిన్న వడపోతను కార్బురేటరు నోటికి తగిలించిరి. చూచుటకు ముచ్చటగ నుండెను. బండి కూడ చుఱుకుగ పరుగెత్తెను.

అయితే వైద్యులుగారి భార్య, తొంబదియేండ్లకు దగ్గఱపడిన యామె, లోపలి గదినుండి ఆ చప్పుడు విని, "అబ్బాయీ, ఇది మీ నాన్నగారి బండి చప్పుడు కాదురా. ఎవరిది తెచ్చావు?" అని యడిగెను. కుమారుడు నవ్వి యూరకుండెను గాని యా మాట ఆయన మనస్సున నాటుకొనెను. కోతలకాలము రెండు వారములు తిరుగునప్పటికి ఇంజనునూనెను వ్రేళ్లనడుమ రాచిచూడగ గరగరలాడెను. అప్పుడాయన మా సైన్సు తరగతికి కబురుచేసెను.

ఆమె చెవి పొరబడలేదు. గాలితొట్టి దుమ్మును వడియగట్టుటయేగాక చప్పుడును గూడ నణచును. ఒక్కొక్క పిస్టను గాలిని గుంజునపుడెల్ల నాళములో నొక కుదుపు పుట్టును. పెద్దతొట్టియు పొడుగు గొట్టమును నా కుదుపును మ్రింగివేయును. నోరు తెఱచిన వడపోత దాని నట్లే బయటికి వదలును. మనిషి నోటితో గుఱక పెట్టుటకును, ముక్కుతో నూపిరి తీయుటకును గల భేదమే యిది.

మేము చేసిన పొరపాటిది. యుద్ధకాలపు జీపు బొమ్మ యొకటి పుస్తకములో చూచితిమి. 1941 మొదలు 1945 వఱకు విల్లీస్, ఫోర్డు సంస్థలు రమారమి ఆఱున్నర లక్షల జీపులు చేసినవి. ఆ బొమ్మలో ఇంజనునకు ఒక ప్రక్క నూనెతొట్టి గల ఎయిర్ క్లీనరు, రెండవప్రక్క క్రిందుగ కార్బురేటరు, రెంటినడుమ ఇంజనుమీదుగ దాటిపోవు లావాటి గొట్టము నుండెను. "జీపు కిదే సరియైనది" అని మేము ధీమాగ చెప్పితిమి. ఆయన మా మాట నమ్మి దూరనగరమునుండి యా గొట్టమును మంచి వెలపెట్టి తెప్పించెను. తెచ్చి పెట్టిచూడగ అది యెక్కడికిని అందలేదు. దాని నోరు కార్బురేటరునకు జానెడు క్రింద, గాలిలో నిలిచెను. మేష్టరులమైన మేమును, వెంటవచ్చిన పిల్లలును ఒకరి మొగ మొకరు చూచుకొంటిమి.

తప్పెక్కడ? బండి పేరు చూచితిమి గాని బండిని చూడలేదు. యుద్ధకాలపు జీపు ఇంజనులో గాలి లోనికి వచ్చు కవాటములును, పొగ బయటికిపోవు కవాటములును రెండును ప్రక్కన బ్లాకులోనే యుండును. కావున కార్బురేటరు ప్రక్కన, క్రిందుగ నుండును. దాని బలము 60 గుఱ్ఱములు. ఆ పిదప విల్లీస్ వారు అదే 134 ఘనపుటంగుళముల కొలతలో హరికేన్ అను ఇంజనును చేసిరి. ఇందులో పొగకవాటములు ప్రక్కనే యున్నను, గాలికవాటములు హెడ్డులోని కెక్కినవి. కార్బురేటరు గూడ వానితో పైకెక్కెను. బలము 75 గుఱ్ఱముల కెదిగెను. ఇంజను ఎత్తు పెరుగుటచే బానెట్టును గూడ ఎత్తుచేయవలసి వచ్చెను. 1953లో వెలువడిన సి.జె.3బి జీపునకు ఎత్తుబానెట్టు వచ్చిన కారణ మిదియే. మహీంద్రా సంస్థ మన దేశమున చేసిన జీపులలో మన మెక్కువగ చూచినది యీ రూపమునే. రేపల్లె జీపు కాగితములు 1964 నాటివి, బానెట్టు ఎత్తయినది. పాకలో అడుగుపెట్టిన తోడనే తెలిసికొనవలసిన సంగతి పుస్తకము చూచుచు మఱచితిమి.

కాలోచితమైన భాగమనగా కేవలము పాతభాగము కాదు. ఆ బండి, ఆ ఇంజను, ఆ సంవత్సరమున కార్ఖానా గుమ్మము దాటునపుడు దాని ముక్కున నున్నట్టి భాగము. ఈ విచారము అమెరికాలో పెద్ద శాస్త్రమువలె పెరిగినది. అచ్చట 1960 దశకమున మొదలుపెట్టి కొన్నియేండ్లు, నడితరపు బండిలో మిక్కిలి పెద్ద ఇంజను నుంచి అమ్మిరి; అట్టి బండ్లకు మజిల్ కార్లను పేరు వచ్చెను. మజిల్ అనగా కండ. 1964లో వచ్చిన పాంటియాక్ జి.టి.ఓ. వానిలో పేరుమోసినది. దానికి 1964, 1965, 1966 సంవత్సరములలో అదనపు వెల యిచ్చినచో మూడు కార్బురేటర్లు వరుసగ నమర్చి, ఒక్కొక్కదానిపై నొక చిన్న గుండ్రని గాలితొట్టి నుంచెడివారు. 1967లో ఆ యేర్పాటు తీసివేసి నాలుగు నోళ్లు గల ఒకే కార్బురేటరు పెట్టిరి. కనుక 1967 నాటి బండిమీద మూడు తొట్లు మెఱయుచున్నచో, అవి యెంత పాతవైనను, ఎంత నిజమైనవైనను, ఆ బండికి పరాయివే. ఒక్క సంవత్సరము తేడా!

ఆ బండ్లలో గాలి తెచ్చు విధములు చిత్రమైనవి. 1969 నాటి ఫోర్డు మస్టాంగులలో కొన్నిటికి గాలిగూడు నేరుగ ఎయిర్ క్లీనరునకే బిగించి, బానెట్టుకు కన్నము చేసి దానిగుండ పైకి వదలిరి. ఇంజను కదలునపుడెల్ల నదియు కదలుచుండును. అందుచే దానికి వణకుగూడని అర్థమిచ్చు షేకరను పేరు వచ్చెను. 1970 నాటి షెవర్లే షెవెల్ బండ్లలో కొన్నిటికి గాలినోరు ముందుకు గాక, వెనుకకు అద్దమువైపునకు తిరిగియుండును. అద్దము మొదట తగిలిన గాలి అచ్చట పోగుపడి ఒత్తిడి పెరుగును గనుక అది తెలివియైన పనియే.

మన తొమ్మిదవ తరగతివారు లెక్కవేసి చూచిన విషయ మొకటి యిచ్చట చెప్పవలెను. ముందుకు తెఱచిన గాలిగూడు గాలిని బలవంతముగ లోనికి కుక్కి బలము పెంచునని చాలమంది నమ్మకము. గంటకు 160 కిలోమీటర్ల వేగమున పోవు బండిలో గూడ అట్లు వచ్చు అదనపు ఒత్తిడి వాతావరణపు టొత్తిడిలో నూటికి ఒక పాలుకంటె కొంచె మెక్కువ, అంతియే. నిజమైన లాభము చల్లదనమువలన. బానెట్టు క్రింద 60 డిగ్రీల వేడిగాలికి బదులు బయటి 35 డిగ్రీల గాలిని తెచ్చినచో, అదే లీటరులో నూటికి 8 పాళ్లు ఎక్కువ బరువుగల గాలి పట్టును. పైకి గొప్పగ కనబడు గూడుకంటె లోపలి గొట్టము, దాని రబ్బరు అంచు ముఖ్యములని దీనివలన తెలియును. ఆ అంచు చిరిగినచో గూడు ఉత్త బొమ్మ.

మన రోడ్లమీద అట్టి బండ్లు తిరుగలేదు. మనకు తెలిసినవి జీపు, అంబాసిడరు, ఫియెట్టు. వీనిలోను ఆ చిక్కే యున్నది. అంబాసిడరు 1957 మొదలు 2014 వఱకు పైరూపము పెద్దగ మారక వచ్చినది. మొదటివానికి ప్రక్కకవాటముల 1476 సి.సి. ఇంజను, 1959 నుండి పైకవాటముల 1489 సి.సి. ఇంజను, ఆ పిమ్మట డీజిలును, ఇంకను పెద్ద పెట్రోలు ఇంజనును వచ్చినవి. "అంబాసిడరు ఎయిర్ క్లీనరు" అని యడిగి కొన్నచో అది ఏ అంబాసిడరుదో అడిగినవానికిని తెలియదు, అమ్మినవానికిని తెలియదు.

మరల రేపల్లెకు వత్తము. ఈసారి పుస్తకము మూసి బండిని చదివితిమి. ఇంజనుమీది సంఖ్య వ్రాసికొంటిమి. కార్బురేటరుమీద పోతపోసిన అక్షరములు తుడిచి చూచితిమి. హరికేన్ ఇంజనునకు విల్లీస్ వారుంచిన కార్టర్ వై.ఎఫ్. అనునదే అది. ఇది తప్పక చేయవలసిన పని. షెడ్లలో కార్బురేటరునే మార్చివేయుట సామాన్యము, అది మారినచో నోటికొలత మారును, అప్పుడు సరియైన గొట్టము గూడ సరిపడదు. పిదప కార్బురేటరు నోటిని కాలిపర్సుతో కొలిచితిమి. ఎయిర్ క్లీనరు కూర్చుండిన చోట రంగు చెడని గుండ్రని గుర్తును, బిగింపుకన్నములును మసిక్రింద బయటపడినవి. ఒక బాలుడు వానిమీద కాగితము పఱచి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసెను. పోయినభాగము తన నీడను విడిచిపోవును. ఆ కాగితమే పిమ్మట మాకు దారి చూపెను.

తెనాలిలో పాతయినుము దుకాణములు తిరిగితిమి. ఆ పట్టణములోని సూర్య శిల్పశాలవారు బోల్టులు, నట్లు, బండిసామానులు కూర్చి నిలువెత్తు విగ్రహములు చేయుట చదువరులలో ననేకులు చూచియుందురు. మాకు కావలసిన తొట్టి యే విగ్రహమున కైన మోకాలిచిప్ప యయ్యెనేమోయని పిల్లలు హాస్యమాడిరి. విజయవాడ ఆటోనగరులో క్రొత్తగ చేసిన నకలు ఒకటి చూపిరి. అచ్చముగ నుండెను. దానిని "అసలు" అని చెప్పుటయే మాకు నచ్చలేదు. దాని అంచున అతుకు నేటి యంత్రముతో వేసినది. రంగు లోపలను బయటను ఒకటే. అరువదియేండ్ల తొట్టి అడుగున నూనెగీత లేకుండ నుండునా?

బాపట్లలో సూర్యలంక రోడ్డువైపు ఒక ముసలి మేస్త్రీగారి షెడ్డులో మా వెదకులాట ఫలించెను. కాగితపు అచ్చు చూపగనే ఆయన లోనికిపోయి నట్లు, వాషర్లు నిండిన యొక తొట్టిని తెచ్చి నేలపై బోర్లించెను. "ముప్పయ్యేళ్లబట్టి దీన్లోనే నట్లేస్తున్నానండీ. ఇది జీపుదేనని నాకూ తెలుసు, అడిగినోళ్లే లేరు" అనెను. కన్నములు సరిగ కలిసినవి. తొట్టికి ఒకవైపు నొక్కు పడియుండెను; ఉప్పుగాలికి అంచు పొరలు లేచెను. వెల యడుగగ, నట్లు పోసికొనుటకు మఱొక డబ్బా తెచ్చియిండని మాత్రము కోరెను. ఆ డబ్బా మేము మఱునాడే పంపితిమి.

ఆ తొట్టి పని యెట్లనగా: పైనుండి వచ్చు గాలి నడుమగొట్టము చుట్టు క్రిందికి దిగి, నూనెమీద తటాలున వెనుదిరిగి పైకి పోవలెను. గాలి తేలిక గనుక తిరుగును; దుమ్ము బరువు గనుక తిరుగలేక నూనెలో పడును. కొంత నూనె తుంపరయై పైనున్న తీగెచుట్టను తడుపును. తప్పించుకొన్న దుమ్ము అచ్చట అంటుకొని నూనెతోబాటు క్రిందికి జాఱును. తొట్టిలోని గీతవఱకే నూనె పోయవలెను. తక్కువైనచో దుమ్ము దాటును. ఎక్కువైనచో ఇంజను నూనెను గుంజి నీలిపొగ వదలును. మా పిల్లలలో నొకడు "ఎక్కువ పోస్తే మంచిదేగా సార్" అని గీత దాటించెను. పొగ చూచి వాడే మరల వంచెను.

ఈ పద్ధతికి లోపము లేకపోలేదు. బండి నిలిచి మెల్లగ తిరుగుచున్నపుడు గాలికి వేగము చాలదు గనుక వడపోత మందగించును. ఇప్పటి కాగితపు వడపోత ఆ విషయములో మేలు. ప్రతిదినము బండి నడుపువారు పాతతొట్టిలోపల కాగితపు చుట్ట నమర్చుకొనిన మేము తప్పుపట్టము. అట్లు చేసితిమని యొక చీటి వ్రాసి బండికాగితములలో నుంచవలెను. మా తగవు మార్పుతో గాదు, మార్పును దాచుటతో. భాగములు మూడు రకములు: ఆ బండితోనే పుట్టినది, అదే కాలపు మఱొక బండిది, నేడు చేసిన నకలు. మూడింటికిని చోటున్నది. ఒకదానిని మఱొకటిగ చెప్పుటకే చోటులేదు.

2021లో కేంద్రప్రభుత్వము పాతబండ్ల నిబంధనలు ప్రకటించినది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటి, చట్రము, పైతొడుగు, ఇంజను పెద్దమార్పులు లేక తొలిరూపమున నున్న బండిని వింటేజి బండిగ నమోదు చేయుదురు, సంఖ్యలో వి.ఎ. అను అక్షరములుండును, దానిని నిత్యప్రయాణమునకుగాని, బాడుగకుగాని వాడరాదు. మా విద్యార్థి తండ్రిగారు ఆ నమోదునకు కాగితములు సిద్ధముచేయుచున్నారు. ఆ దరఖాస్తుతో పంపు జాబితాలో గాలితొట్టి యెదుట "అదే కాలపు మఱొక జీపునుండి, బాపట్లలో దొరకినది" అని వ్రాయించితిమి.

నొక్కు తీయించి, అంచునకు రంగు వేయించి, క్రొత్త వాషరు పెట్టి బిగించిన పిదప పరీక్షచేసితిమి. తొట్టినుండి కార్బురేటరునకు పోవు గొట్టము లోపల పలుచగ తెల్ల గ్రీసు పూసి, బండిని చెఱుకుపల్లి మీదుగ బాపట్లకు పోయి రానిచ్చితిమి. తిరిగివచ్చిన వెంటనే తెల్లగుడ్డతో తుడిచి చూడగ మొదటిమాఱు గ్రీసులో నల్లని చార యొకటి కనబడెను. తొట్టి తప్పు కాదు. రబ్బరుగొట్టము అంచున సందు. వడపోత యెంత మంచిదైనను, దాని తరువాతి సందు నుండి పోవు గాలికి కాపలా లేదు. గొట్టము మార్చి మరల పోయి వచ్చితిమి. గుడ్డ శుభ్రముగ వచ్చెను. ఈ పరీక్షకు ఖర్చు లేదు. ఇంట పాతబండి గల విద్యార్థులు తమ పెద్దల యనుమతితో చేయవచ్చును.

ఆనాటి సాయంకాలము బండిని ఇంటిముందు ఆపునప్పటికి ముసలమ్మగారు అరుగుమీద నుండిరి. చప్పుడును గూర్చి యామె యేమియు ననలేదు. లోపలికి తిరిగి, "అబ్బాయి వచ్చాడు, వేణ్ణీళ్లు పెట్టండి" అని మాత్రము కేకవేసిరి. వైద్యులుగారు ఊళ్లు తిరిగి వచ్చినపుడెల్ల ఆ యింట మొదట జరిగెడి పని యదేయట.

ఇక నొక్క కొఱత మిగిలినది. గొట్టమును బిగించు పట్టీ యిప్పటిది. మఱతో బిగియు పల్చని స్టీలు పట్టీ. ఆ కాలపు జీపునకు తీగెపట్టీ యుండవలెనని మా యూహ, కాని మునుపటి పొరపాటు తరువాత ఊహమీద కొనుట మానితిమి. 1960 దశకపు ఎత్తుబానెట్టు జీపు, ఎవరును చేయిపెట్టక యట్లే యున్నది, చదువరులలో నెవరియింటనైన నున్నచో పాఠశాలకు తెలుపగోరుచున్నాము. పట్టీ నడుగము, కాగితము పెన్సిలు తెచ్చుకొని చూచిపోవుదుము.